అది ఒక్క పూటలో చూసొచ్చే తీరం కాదు

ఎడిటర్ గారికి నమస్కారం.

ఆదివారం అనుబంధంలో ఉత్తర ఐర్లండ్ సముద్ర తీరం గురించి, అక్కడి జెయింట్స్ కాజ్‌వే అనే రాతి స్తంభాల చోటు గురించి మీరు వేసిన వ్యాసం చదివాను. ఫొటోలు బాగున్నాయి, కాదనను. కానీ 'ఒక్క రోజులో ఐదు వింతలు' అని హెడ్డింగ్ పెట్టి, పొద్దున్నే బస్సెక్కితే చీకటి పడేలోపు అన్నీ చూపించి దింపేస్తారన్నట్టు రాసేసరికి ఊరుకోలేకపోయాను. మా అమ్మాయి, అల్లుడు బెల్‌ఫాస్ట్‌లో ఉంటారు. పోయిన వేసవిలో నేనూ మా ఆవిడా మూడు నెలలు అక్కడే ఉన్నాం. ఆ తీరానికి రెండుసార్లు వెళ్లాను, ఒకసారి అచ్చం మీరు రాసినట్టే బస్సులో, ఇంకోసారి నడిచి. రెండుసార్లూ వెళ్లింది ఒక్క చోటికేనంటే నాకే నమ్మబుద్ధి కాదు.

ముందు అన్నిటికంటే అవసరమైన సంగతి చెప్పేసి తర్వాత నా సోది మొదలుపెడతాను. మీ వ్యాసంలో 'డబ్లిన్ నుంచి కూడా ఒక రోజు ట్రిప్ వేసుకోవచ్చు' అని ఒక వాక్యం ఉంది. వేసుకోవచ్చు, రోడ్డు బ్రహ్మాండంగా ఉంటుంది. కానీ డబ్లిన్ ఉన్నది ఐర్లండ్ దేశంలో, ఈ తీరం ఉన్నది బ్రిటన్ కింద ఉన్న ఉత్తర ఐర్లండ్‌లో. మధ్యలో గేటు లేదు, చెక్‌పోస్టు లేదు. స్పీడ్ బోర్డుల మీద అంకెలు కిలోమీటర్ల నుంచి మైళ్లలోకి మారినప్పుడో, ఫోనులో నెట్‌వర్క్ మారి మెసేజ్ వచ్చినప్పుడో తెలుస్తుంది, దేశం మారిందని. అడిగేవాడు లేడు కదా, వీసా ఎందుకులే అనుకుంటే మాత్రం పొరపాటు. ఇండియా పాస్‌పోర్టు మీద వెళ్లినవాళ్లకి బ్రిటన్ వీసా ఉండాలి, లేదంటే ఐర్లండ్ వాళ్లిచ్చిన షార్ట్ స్టే వీసా మీద బి.ఐ.వి.ఎస్. (బ్రిటిష్-ఐరిష్ వీసా స్కీమ్) అనే అక్షరాలు ఉండాలి. డబ్లిన్‌లో ఉద్యోగాలు చేసుకుంటున్న మన పిల్లలకి అక్కడి రెసిడెన్స్ కార్డు ఉంటుంది చూడండి, అదీ సరిపోదు, బ్రిటన్ వీసా విడిగా తీసుకోవాల్సిందే. విమానంలో మా పక్క సీట్లో పరిచయమైన భీమవరం దంపతులని వాళ్లబ్బాయి డబ్లిన్ నుంచి కార్లో తీసుకొచ్చాడట, సగం దారిలో ఎవరో స్నేహితుడు ఫోన్ చేసి వీసా సంగతి అడిగితే అప్పుడు చూసుకున్నారట. ఇక ఆ రోజంతా టెన్షనే, పోలీసు బండి కనిపిస్తే చాలు, ఆవిడ దండకం చదువుకుంటూ కూర్చుందట. ఏమీ కాలేదనుకోండి. కానీ మీ వ్యాసం చూసి ఇంకో పది కుటుంబాలు అలా బయల్దేరితే?

ఇక బస్సు సంగతి. అల్లుడు పాపం ఆన్‌లైన్‌లో టికెట్లు బుక్ చేసి పంపించాడు, అతని తప్పేం లేదు. దారిలో ఒక కోట దగ్గర పది నిమిషాలు, ఫొటో. క్యారిక్-ఎ-రీడ్ అనే వేలాడే తాళ్ల వంతెన దగ్గర గంట, అందులో నడిచి వెళ్లి రావడానికే అరగంట పైన, ఆ రోజు గాలి ఎక్కువగా ఉందని వంతెన మూసేశారు, దూరం నుంచి చూసి వచ్చాం. 'డార్క్ హెడ్జెస్' అని రోడ్డుకి రెండు వైపులా పెరిగి పైన కలిసిపోయిన బీచ్ చెట్ల (చెట్టు పేరే బీచ్, సముద్రపు బీచ్ కాదు) వరస ఉంది, అక్కడ పావుగంట. ఆ చెట్లు 1775 ప్రాంతంలో ఒక జమీందారీ కుటుంబం తమ ఇంటికి వచ్చే దారి దర్జాగా ఉండాలని నాటించినవి. టీవీ సీరియల్‌లో కొన్ని సెకన్లు కనిపించాయి, అంతే, ప్రపంచమంతా వచ్చి పడింది. వయసైపోయిన చెట్లు, కొన్ని గాలివానలకి పడిపోయాయి, కొన్ని ప్రమాదమని కొట్టేశారు. మాతో వచ్చినవాళ్లలో సగం మంది చెట్లని చూడలేదు, చెట్ల ముందు తమని చూసుకున్నారు. నేనూ ఒక సెల్ఫీ దిగాను లెండి, దాచడం దేనికి.

అసలైన జెయింట్స్ కాజ్‌వే దగ్గర డ్రైవరు గంటంపావు ఇచ్చాడు. యాభై మంది ఒకేసారి దిగితే బాత్రూమ్ క్యూలో ఇరవై నిమిషాలు పోయాయి. కిందికి ఒక కిలోమీటరు పైగా దిగాలి, మళ్లీ ఎక్కాలి. మా ఆవిడకి మోకాళ్ల నొప్పులు. నేను గబగబా దిగి, రాళ్ల మీద నాలుగడుగులు వేసి, వాచీ చూసుకుని, మళ్లీ గబగబా ఎక్కాను. ఇంటికొచ్చాక అమ్మాయి 'ఎలా ఉంది నాన్నా' అంటే 'రాళ్లు' అన్నాను. అదే నా సమాధానం.

ఆ మాటకి నాకే సిగ్గేసింది, ఎందుకంటే రాళ్లంటే నాకు బొత్తిగా తెలియని విషయం కాదు. రోడ్ల పనుల్లో వర్క్ ఇన్‌స్పెక్టర్‌గా ముప్ఫై ఏళ్లు చేశాను. మాది కొవ్వూరు. పంగిడి, గౌరీపట్నం క్వారీల నల్లరాయి, క్రషర్ నుంచి వచ్చే నలభై ఎంఎం, ఇరవై ఎంఎం కంకర, లారీల లెక్క, గుట్టల కొలతలు, నా జీవితమంతా ఆ రాయి చుట్టూనే తిరిగింది. ఉత్తర ఐర్లండ్‌కి వెళ్లి యునెస్కో గుర్తింపు పొందిన రాయి మీద నిలబడి కూడా అది మన పంగిడి నల్లరాయికి వరసకి తమ్ముడేనని నాకు తట్టలేదు. రెండూ బసాల్టే. రెండూ లావా చల్లారి గట్టిపడినవే. మన దగ్గరిది సుమారు ఆరున్నర కోట్ల ఏళ్ల నాటిది, దక్కన్ లావా గోదావరి దాకా పారి వచ్చిందంటారు, అక్కడిది దానికంటే కాస్త చిన్నది. తేడా ఎక్కడంటే, అక్కడ లావా ఒక లోయలో మడుగులా నిలిచి, నిదానంగా చల్లారింది. చెరువు ఎండితే అడుగున మట్టి బీటలు వారుతుంది కదా, అదే పద్ధతి. పైన పడిన బీటలు చల్లారుతున్న కొద్దీ తిన్నగా లోపలికి దిగిపోయి, పెన్సిళ్లు కట్టకట్టి నిలబెట్టినట్టు స్తంభాలైపోయాయి. దాదాపు నలభై వేలట. ఎక్కువ ఆరు పలకలవి, అయిదువి ఉన్నాయి, ఏడువి ఉన్నాయి, ఎనిమిది పలకలది కూడా ఉంటుందని చెప్పారు, నాకు దొరకలేదు.

ఇదంతా రెండోసారి వెళ్లినప్పుడు తీరిగ్గా తెలుసుకున్నది. ఆ రోజు అమ్మాయి సెలవు పెట్టింది. బెల్‌ఫాస్ట్‌లో రైలెక్కి కోల్‌రేన్‌లో దిగాం, అక్కడ 172 నంబరు బస్సు పట్టుకున్నాం. మా ఆవిడ కూడా వచ్చింది, కింద రాళ్ల దాకా తీసుకెళ్లే చిన్న బస్సు ఒకటి ఉందని అప్పటికి తెలిసింది. ఆ మాట మీరు రాయాల్సింది. ఇంకోటి కూడా రాయాల్సింది, 'ప్రవేశ రుసుము' అని మీరు వేసిన అంకె రాళ్లు చూడటానికి కాదు. విజిటర్ సెంటర్‌కి, పార్కింగ్‌కి. నేషనల్ ట్రస్ట్ అనే సంస్థ 1961 నుంచి ఆ చోటు చూసుకుంటోంది, 2012లో కొత్త సెంటర్ కట్టారు, లోపల బొమ్మలు, సినిమా, కాఫీ అన్నీ ఉంటాయి, చూడదగ్గదే. కానీ నడిచి రాళ్ల దాకా వెళ్లేవాడిని టికెట్ అడిగే హక్కు ఎవరికీ లేదు, అది జనం నడిచే దారి. నలుగురున్న కుటుంబానికి అది చిన్న మొత్తం కాదు, తెలిసి కట్టడం వేరు, తెలియక కట్టడం వేరు.

పొద్దున్న తొమ్మిదింటికి అక్కడ ఎవరూ లేరు. ఒక స్తంభం మీద కూర్చుని కొలిచాను, పాత అలవాటు పోదు కదా, రెండు జానలకి వెంట్రుకవాసి తక్కువ. పైభాగం చదునుగా లేదు, గిన్నెలా లోపలికి గుంట, అందులో రాత్రి కురిసిన వాన నీళ్లు. పక్కదాని తల బోర్లించిన గిన్నెలా ఉబ్బింది. నిలువునా బీటలు వారడమే కాకుండా అడ్డంగా కూడా ముక్కలు ముక్కలుగా తెగుతుందట స్తంభం, ఒక ముక్క ఉబ్బు ఇంకో ముక్క గుంటలో కూర్చుంటుంది. మన క్వారీలో మందు పెట్టి పేల్చి, మళ్లీ క్రషర్‌లో వేసి పగలగొడితే గానీ మాట వినని రాయి, అక్కడ ఎవరూ ముట్టుకోకుండానే సైజుల వారీగా తెగి కూర్చుంది. పైన ఉన్నవి బూడిద రంగు, నీటి దగ్గరికి వెళ్లే కొద్దీ నలుపు. ఆ నల్లవాటి మీద కాలు పెట్టకూడదు, నాచు, జర్రున జారుతుంది, ఆ సముద్రం మన ఉప్పాడ సముద్రం కంటే మొండిది.

మా ఆవిడకి అక్కడి కథ బాగా నచ్చింది. ఫిన్ మెకూల్ అనే ఐర్లండ్ మహాకాయుడు స్కాట్లండ్‌లో ఉన్న ఇంకో మహాకాయుడితో తలపడటానికి సముద్రం మీద ఈ రాళ్ల దారి వేశాడట. తీరా అవతలివాడు వస్తుంటే చూసి గుండె జారి ఇంట్లోకి పరిగెత్తాడు. అప్పుడు పెళ్లాం ఊనా అతగాడికి పసిపిల్లాడి బట్టలు తొడిగి ఉయ్యాల్లో పడుకోబెట్టిందట. వచ్చినవాడు ఉయ్యాల్లో శాల్తీని చూసి, బిడ్డే ఇంతుంటే తండ్రి ఎంతుంటాడో అని హడలిపోయి, వెనక్కి పరిగెడుతూ దారిని తొక్కి పాడు చేసి పోయాడు. మీరు దీన్ని 'రాక్షస సేతువు' అని రాశారు, కానీ ఫిన్ రాక్షసుడు కాడండీ, వాళ్ల హీరో. స్కాట్లండ్ వైపు స్టాఫా అనే దీవిలో కూడా ఇవే స్తంభాలు ఉన్నాయి కాబట్టి కథ కట్టినవాళ్లు ఊరికే కట్టలేదు. 'ఊనా లేకపోతే ఏమయ్యేవాడో' అని మా ఆవిడ నా వంక చూసింది. నేను సముద్రం వంక చూశాను.

ఆవిడని సెంటర్‌లో కాఫీ దగ్గర కూర్చోబెట్టి నేనూ అమ్మాయీ బయల్దేరాం. మీ వ్యాసంలో ఒక్క ముక్క కూడా లేనిది ఇదే. 'కాజ్‌వే కోస్ట్ వే' అని పోర్ట్‌స్టూవర్ట్ నుంచి బాలీకాసిల్ దాకా తీరం వెంబడి 53 కిలోమీటర్ల నడక దారి ఉంది, ఓపికున్నవాళ్లు రెండు మూడు రోజుల్లో పూర్తి చేస్తారు. మేం నడిచింది కాజ్‌వే నుంచి డన్‌సెవరిక్ దాకా, ఎనిమిది కిలోమీటర్లకి కాస్త తక్కువే. కింద రాళ్ల దగ్గర నుంచి 'ఆర్గన్' అనే స్తంభాల గోడ దాటి, షెపర్డ్స్ స్టెప్స్ అని 162 మెట్లెక్కితే కొండ అంచుకి వస్తాం. లెక్కపెట్టాను, నాకు 159 వచ్చాయి, మధ్యలో ఆయాసం వచ్చినప్పుడు తప్పి ఉంటాను.

ఆ పై నుంచి చూస్తే గానీ ఆ చోటు అర్థం కాదు. సముద్రంలోకి పొడుచుకొచ్చిన కొండ ముక్కు, మళ్లీ అర్ధచంద్రంలా లోపలికి వంపు, మళ్లీ ముక్కు. ఆ కొండ గోడల మధ్యలో, కింద ఒక లావా పొర, పైన ఒక లావా పొర, రెండింటి నడుమ ఇటుక రంగు పట్టీ ఒకటి అడ్డంగా సాగిపోతోంది. చూడగానే గుర్తుపట్టాను. మనం గ్రావెల్ అని లారీల్లో తోలించి రోడ్ల కింద పోసే ఎర్రమట్టి, లేటరైట్! మొదటి లావా చల్లారాక రెండోది వచ్చేలోపు లక్షల ఏళ్లు గడిచాయట, అప్పుడక్కడ మనలాగే ఎండలు, జోరువానలు, ఆ వేడికి తేమకి నల్లరాయి కుళ్లి ఎర్రమట్టి అయింది. జూలైలో స్వెట్టర్ వేసుకుని నిలబడి, ఒకప్పుడు ఇక్కడ మన గోదావరి జిల్లాల వాతావరణం ఉండేదంటే ఎలా ఉంటుంది చెప్పండి. ఆ పొరలో నుంచే ఆంట్రిమ్ జిల్లాలో ఒకప్పుడు ఇనుప ఖనిజం, బాక్సైట్ తవ్వేవారట. బాక్సైట్ అనగానే మన విశాఖ మన్యం గుర్తొచ్చింది, అది వేరే కథ, దాని జోలికి ఇప్పుడు పోను.

దారి కొండ అంచునే ఉంటుంది. ఒక పక్క కంచె, గొర్రెలు, ఇంకో పక్క చాలా చోట్ల ఏమీ లేదు, గడ్డి, ఆ తర్వాత గాలి. నాకు మొదట్లో కాళ్లు వణికాయి. ఒక వంపు దగ్గర అమ్మాయి ఆపి కింద చూపించింది, పోర్ట్ నా స్పానియా, అంటే స్పానిష్ వాళ్ల రేవు. 1588 అక్టోబరులో స్పెయిన్ యుద్ధనౌకల్లో ఒకటి, జిరోనా, ఆ రాళ్లకి కొట్టుకుని ముక్కలైంది. అంతకుముందే మునిగిన వేరే ఓడల వాళ్లని కూడా ఎక్కించుకుందట, దాదాపు పదమూడు వందల మంది ఉన్నారు, బతికింది వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. దాదాపు నాలుగు వందల ఏళ్ల తర్వాత, 1967లో, రాబర్ట్ స్టెనుయీ అనే బెల్జియం డైవర్ ఆ ఓడ ఆనవాళ్లు కనిపెట్టాడు. బంగారం, నాణేలు, నగలు బెల్‌ఫాస్ట్‌లోని అల్‌స్టర్ మ్యూజియంలో ఉన్నాయి, తర్వాతి వారం వెళ్లి చూశాను. రెక్కలున్న బల్లిలాంటి చిన్న బంగారు పతకం, వీపు మీద కెంపులు. మ్యూజియంలో అద్దం వెనక చూస్తే నగ, కొండ మీద నుంచి ఆ నీళ్లు చూసి వచ్చాక చూస్తే అలా అనిపించదు. ఎవరో మెడలో వేసుకుని ఓడెక్కి ఉంటారు కదా.

నాలుగు గంటలు పట్టింది మాకు. చురుగ్గా నడిచేవాళ్లకి రెండున్నర చాలు. మధ్యలో రెండుసార్లు వాన, రెండుసార్లు ఎండ, గొడుగు విప్పితే గాలి లాక్కుపోతుంది కాబట్టి రెయిన్‌కోటే దిక్కు. నీళ్లు, పులిహోర తీసుకెళ్లాం, దారిలో కొట్లు లేవు. డన్‌సెవరిక్ కోట అని మిగిలింది రెండు మూడు గోడ ముక్కలే. అక్కడ నుంచి తిరిగి రావడానికి బస్సు వేళ ముందే చూసుకోవాలి, లేకపోతే గొర్రెలతో కబుర్లే.

ఇంకో మూడు రోజులు ఉంటే అవతలి ముక్క కూడా నడిచేవాణ్ని, వైట్ పార్క్ బే, తెల్లని ఇసుక, దాని మీద ఆవులు నిలబడి ఉంటాయి, అమ్మాయి ఫొటోలు చూపించింది. ఆ ఇసుక దారి బాగా పోటు వచ్చినప్పుడు చివర్లలో నీళ్ల కిందికి పోతుంది, వెళ్లేవాళ్లు ఆటుపోట్ల టైము చూసుకుని వెళ్లాలి, ఇది మీరు పెద్ద అక్షరాల్లో వేసినా తప్పు లేదు. ఆ దారి బాలింటాయ్ దాటాక వేలాడే వంతెన దగ్గరికి వెళుతుంది. క్యారిక్-ఎ-రీడ్ వంతెన అంటే థ్రిల్లు అని రాశారు. 1755లో దాన్ని కట్టింది సాల్మన్ చేపలు పట్టే జాలర్లు. నదుల్లోకి వెళ్లే సాల్మన్లు ఆ చిన్న దీవి దగ్గర మలుపు తిరగాలి, అక్కడ వల వేయాలంటే దీవి మీదికి చేరాలి, మధ్యలో ఇరవై మీటర్ల సందు, ముప్ఫై మీటర్ల కింద సముద్రం. ఇప్పుడు రెండు వైపులా వల కట్టి చక్కగా ఉంది కానీ ఒకప్పుడు పట్టుకోవడానికి ఒక్క తాడే ఉండేదట, దాని మీద చేపల బరువుతో తిరిగొచ్చేవారు. 2002 తర్వాత అక్కడ వేట లేదు, చేపలు తగ్గిపోయాయి. కాకినాడ, ఉప్పాడ జాలర్లు చదివే పేపరు మీది, ఆ మూడు వాక్యాలు వేసి ఉంటే ఎంత బాగుండేది.

చివరగా ఒక మాట, ఇది మనవాళ్ల కోసమే. కాజ్‌వే రాళ్ల సందుల్లో చూస్తే చిల్లర కనిపిస్తుంది, ఎవరెవరో కోరికలు కోరుకుని నాణేలు దూర్చి పోతారు. ఆ నాణేలు సముద్రపు గాలికి తుప్పు పట్టి ఉబ్బుతాయి, ఉబ్బి రాయిని చీలుస్తాయి. తుప్పు కారి స్తంభాల మీద నారింజ రంగు చారలు పడ్డాయి, ఒక చోట అంచు పెచ్చులూడి ఉండటం వేలు పెట్టి చూశాను. దయచేసి వేయొద్దని 2025లో ట్రస్ట్ వాళ్లు గట్టిగా అడిగారు. రైలు గోదావరి బ్రిడ్జి ఎక్కగానే జేబులోంచి రూపాయి తీసి విసిరే జిల్లా మాది, నేనూ విసిరినవాణ్నే. అక్కడ ఒక తెలుగు కుటుంబం, పిల్లాడి చేతికి నాణెం ఇచ్చి 'పెట్టు నాన్నా, దణ్ణం పెట్టుకో' అంటుంటే చూసి, కాస్త మొహమాటపడుతూనే వెళ్లి చెప్పాను. పిల్లాడి నాన్న ఏమీ అనుకోలేదు, నాణెం జేబులో వేసుకుని 'మీదే ఊరండీ' అన్నారు.

ఆ కుటుంబం కూడా బస్సులోనే వచ్చింది, మాట్లాడుతుండగానే హారన్ కొట్టాడు.

ఈ ఉత్తరం మొత్తం వేయడానికి చోటు లేకపోతే కోసేయండి, నాకేం అభ్యంతరం లేదు. పంగిడి రాయి, పులిహోర, మా ఆవిడ, అన్నీ తీసేయొచ్చు. వీసా ముక్క మాత్రం వచ్చే ఆదివారంలోపు వేయండి, ఈ వేసవికి డబ్లిన్ వెళ్లేవాళ్లు ఇప్పటికే టికెట్లు కొనుక్కుని ఉంటారు.

ఇట్లు,
రిటైర్డ్ వర్క్ ఇన్‌స్పెక్టర్,
కొవ్వూరు